ధూళి బయటిది, పొగ మనది

మా రాయచోటి ప్రాంతంలో కువైట్‌తో ఏదో ఒక సంబంధం లేని ముస్లిం కుటుంబం అరుదు. మా పెద్దబ్బాయి పన్నెండేళ్లుగా అక్కడి ఫర్వానియాలో కాపురముంటున్నాడు. ఒక రమజాను సెలవుల్లో, మద్రసా మూసిన పిదప, మేము ఆ ఇంటికి వెళ్లాము.

ఒకనాడు మధ్యాహ్నమే ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. ఎదుటి భవనం కనుమరుగైంది. ఇరాక్ మైదానాల మీదుగా వాయవ్యం నుండి వీచే ఆ గాలిని అరబ్బులు 'షమాల్' అంటారు. 2022 మే నెలలో ఇటువంటి ధూళి తుఫాను వల్ల కువైట్‌లో విమానాల రాకపోకలే నిలిచిపోయాయి. కోడలు తలుపుల సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కింది. అయినా గంట గడిచేసరికి బల్లపై వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము పేరుకుంది. ఆరేళ్ల మనుమరాలికి ఉబ్బసం. ఆ బిడ్డ కిటికీ దరికి పోకుండా ఇంటిల్లిపాదీ కాపలా కాశాము.

ఇఫ్తారు ముగిసేసరికి గది నిండా మట్టి వాసన. మాకు సహించలేదు. మబ్ఖరాలో బొగ్గు రాజేసి బఖూరు వేశాము. జుమా రాత్రి ఇంట్లో సాంబ్రాణి వేయడం చిన్ననాటి నుండి మాకు అలవాటు. "అబ్బా, కిటికీలన్నీ మూసి ఉన్నాయి గదా..." అని కోడలు నసిగింది. "దైవప్రవక్త (స) వారికి సుగంధం ప్రీతిపాత్రమమ్మా" అన్నాము. ఆ మాట తర్వాత ఆమె ఇంకేమంటుంది?

ఇంటనే తరావీహ్ ముగించేసరికి బిడ్డ పక్కటెముకలు ఎగదోసుకుంటూ ఊపిరి తీస్తోంది. ఇన్‌హేలర్ పని చేయలేదు. ఆసుపత్రిలో ముఖానికి మాస్కు తగిలించి మందు పట్టారు. ఈజిప్టు వైద్యుడు అరబీలో అడిగాడు: "ఈ రోజు ఇంట్లో ఏమైనా కాల్చారా?" కోడలికి ఆ ప్రశ్న అర్థమైంది. అయినా తల వంచుకుంది గానీ మా వైపు చూడలేదు. కుమారుడు మౌనం వహించాడు. ఆ మౌనం మమ్మల్ని కాపాడడానికేనని గ్రహించి, "కాల్చింది మేమే" అని ఒప్పుకున్నాము.

ఆయన నిందించలేదు, వివరించాడు. ధూళితో అప్పటికే అలసిన ఊపిరితిత్తులపై పొగ మరింత భారం. బొగ్గు, ధూపం నుండి వెలువడే కణాలు వెంట్రుక మందంలో ముప్పయ్యవ వంతు కూడా ఉండవు. నేరుగా ఊపిరితిత్తుల లోతులకు చేరుతాయి. బొగ్గు నుండి కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది, దానికి వాసన ఉండదు. గోడకున్న ఏసీ గది గాలినే చల్లబరచి తిప్పుతుంది తప్ప కొత్త గాలిని తేదు. దాని జాలీ ముతక దుమ్మునే ఆపుతుంది. మూసిన ఇంట్లో మనం పుట్టించిన పొగ మన దగ్గరే ఉండిపోతుంది.

మరునాటి నుండి ఇంటి పద్ధతులు మారాయి. పొడి చీపురు మాని తడిగుడ్డతో తుడవసాగారు. ఏసీ జాలీని వారానికొకసారి కడిగారు. తుఫాను వేళ స్నానాల గది ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపారు. అది లోపలి గాలిని బయటికి తోసేకొద్దీ సందుల గుండా బయటి ధూళి లోపలికి వస్తుంది. ధూళి అణగిన తరువాత కిటికీలు బార్లా తెరిచారు. బిడ్డ పడుకునే గదికి హెపా ఫిల్టరున్న యంత్రం కొన్నారు. బఖూరును ఇంటి నుండి తొలగించారు. సుగంధానికి అత్తరు చాలు.

అయితే ఒక పని మేమే చేయవలసి ఉండినది. ఇతరులకు హాని కలిగించరాదన్న ఫిఖ్ సూత్రాన్ని ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్నాము. ఆ రోజు సున్నత్‌ను అడ్డం పెట్టి, ఒక తల్లి హెచ్చరికను నోట్లోనే ఆపివేశాము. సహెరీ వేళ కోడలిని పిలిచి, "తప్పు మాది, మన్నించమ్మా" అన్నాము. ఆమె కంగారుపడి, "అలా అనకండి అబ్బా" అని కంటతడి పెట్టింది.

స్వగ్రామం చేరిన పిదప, మద్రసా వసతి గదుల్లో తలుపులు మూసి దోమల చుట్టలు వెలిగించే అలవాటును మాన్పించి, కిటికీలకు దోమతెరలు బిగింపజేశాము. గల్ఫ్‌లోని మన బిడ్డల ఇళ్లకు వెళ్లే పెద్దలకు మా విన్నపం ఒక్కటే: కోడలో, కూతురో "కిటికీలు మూసి ఉన్నాయి" అని నసిగినప్పుడు, ఆ వాక్యాన్ని పూర్తి చేయనివ్వండి.