దీపమున కాయువు

గతమాసమున మా కుమార్తె మీట నొక్కగానే వంటయింటి దీపము కొండెక్కినది. తోడనే మా నోటినుండి "నీ చేయి తగిలిన నింతే" అను మాట వెడలెను. పిల్ల చిన్నబోయెను. ఆ మాట మాది కాదు, మా నాయనమ్మగారిది. మా చిన్నతనమున బల్బు మాడినప్పుడెల్ల ఆమె మా తల్లిని ఆ మాటయే అనెడివారు. మా తల్లి మారుపలుకక, మాడిన బల్బును చెవియొద్ద ఊపి, తెగిన తీగ గలగల విని, పోపులపెట్టెలో దాచిన చిల్లరతో మరియొకటి తెప్పించెడిది.

ఆ రాత్రి మా వారు బడిపిల్లల పాఠమునకై విద్యుద్దీపముల చరిత్ర చదువుచుండగా మేమును చెంత కూర్చుండి వింటిమి. హాలండు దేశమున ఐండ్‌హోవెన్ పట్టణమందు 1891లో గెరార్డ్ ఫిలిప్స్ అను ఇంజనీరు, తండ్రి ఫ్రెడరిక్ ధనసాహాయ్యముతో బల్బుల కర్మాగారము స్థాపించెను. 1895లో తమ్ముడు ఆంటన్ వచ్చి అమ్మకముల భారము వహించెను. 1898లో రష్యా చక్రవర్తి శీతకాలపు ప్రాసాదమునకై వారికి 50,000 బల్బులు కావలెనని కబురు వచ్చెను. అన్నదమ్ములొక్కటియై నిలిచిన ఇల్లెట్లు వర్ధిల్లునో చూడుడు!

అయితే దీపము క్రిందనే చీకటియు కలదు. 1924లో ఈ సంస్థయు, జర్మనీ వారి ఆస్రామ్ మొదలగు పెద్ద సంస్థలును జెనీవాలో కూడి "ఫీబస్" అను కూటమి ఏర్పరచుకొనిరి. బల్బు 1000 గంటలు వెలిగిన చాలునని కట్టడి చేసిరి. అంతకుముందు 1500 మొదలు 2000 గంటల వరకు వెలిగెడి బల్బులు కలవు. మితి మించి వెలిగెడి బల్బులు చేసినవారికి జరిమానా! ఫీబస్ అనగా యవనుల సూర్యదేవుని పేరు. సూర్యుని పేర దీపముల ఆయువు తగ్గించిరి! తీగ మిక్కిలి కాగినగాని వెలుగు ప్రకాశవంతము కాదనియు, కాగిన తీగ త్వరగా అరుగుననియు, మందముగా చిరకాలము వెలుగు బల్బు విద్యుత్తును వృథా చేయుననియు వారి వాదము. అందును సత్యము లేకపోలేదు. 1939లో యుద్ధము వచ్చి కూటమి చెదరినను, తీగబల్బులకు 1000 గంటల లెక్క బహుకాలము నిలిచెను.

మేము లెక్క కట్టితిమి. రాత్రికి 5 గంటల చొప్పున 1000 గంటలనగా 200 రాత్రులు. మా పుట్టినింట 5 బల్బులుండెను. కావున సగటున 40 రాత్రుల కొకటి మాడక తప్పదు. ఇందు మా తల్లి చేతి దోషమేమి?

మరునాడు ఫోనులో ఈ లెక్క ఆమెకు చెప్పితిమి. ఆమె కొంతసేపు మౌనము వహించి, "లెక్క అప్పుడే తెలిసినా, అత్తగారితో చెప్పగలిగేదాన్నా అమ్మా?" అనెను.

పిమ్మట పిల్లను దగ్గరకు తీసికొని, "తప్పు నీది కాదు, మాది" అంటిమి. క్రొత్త దీపమును దానిచేతనే వెలిగింపజేసితిమి. నేటి ఎల్‌ఈడీ దీపమునకు తెగుటకు తీగ లేదు. అయినను దానికిని ఆయువు కలదు. అది తీరిననాడు, సోదరీమణులారా, చెంతనున్న చేతిని నిందింపకుందము.