లండన్‌లో కృష్ణ ఒడ్డు

జూన్‌లో అమ్మను తీసుకుని లండన్ వెళ్తున్నాను. ఇద్దరికీ అదే మొదటిసారి. ఉన్నవి 4 రోజులే. వారం నుంచి రాత్రి భోజనాలయ్యాక మ్యాపు ముందేసుకుని కూర్చుంటున్నాం.

"బిగ్ బెన్, ఆ వంతెనలు దారిలో కనిపిస్తాయిలే. ముందు మన రాళ్లు చూపించరా" అంది అమ్మ.

మన రాళ్లంటే అమరావతి స్తూపం శిల్పాలు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, అక్కడినుంచి ఓడెక్కి 1859లో లండన్ వెళ్లాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం 33ఎ గదిలో ఉన్నాయి. ప్రవేశం ఉచితం. శుక్రవారాలు రాత్రి 8:30 దాకా తెరిచే ఉంటుంది కాబట్టి ఆ సాయంత్రం మొత్తం దానికే. లండన్ ఐ ఎక్కడం మానేశాం, పశ్చాత్తాపం లేదు.

టవర్ ఆఫ్ లండన్‌కి మాత్రం టికెట్ కొనాలి. కోహినూర్ అక్కడే ఉంది, రాజమాత కిరీటంలో. అది దొరికింది కొల్లూరు గనిలోనని చెబుతారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. అమరావతీ కృష్ణ ఒడ్డే, కొల్లూరూ కృష్ణ ఒడ్డే. ఇంత దూరం వెళ్లి మా ఏటిగట్టునే వెతుక్కుంటున్నామేమో అనిపించి నిన్న రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

అమ్మ చిన్నప్పుడు అమరావతిలో ఆ స్తూపం ఉన్న దిబ్బ, దీపాలదిన్నె మీద ఆడుకుంది. అప్పటికే అక్కడ మిగిలింది మట్టీ, కొన్ని పలకలూ. మ్యూజియంలో ఆ శిల్పాల గదిలో కూర్చోడానికి బల్ల ఉంటుందా అని అడిగింది. లేకపోయినా గంటసేపు నిలబడతానంది.