గుండె గోడల కదలిక

గుండె కొట్టుకొనుచున్నదని మన మందఱ మెఱుఁగుదుము గాని, అది యెట్లు కొట్టుకొనుచున్నదని విచారించువారు మనలో మిక్కిలి తక్కువ. గుండె యెడమవైపు క్రిందిగది గోడ నలువైపుల నుండి లోపలికి ముడుచుకొని, దళసరియై, నెత్తురును దేహమంతటికిఁ బంపవలెను. ఆ గోడలో నొక భాగము మందముగాఁ గదలినను, కదలక నిలిచిపోయినను, తక్కినవి ముడుచుకొనునపుడు తానొక్కటి వెలుపలికి నుబ్బినను, కీడు ఎక్కడ నున్నదో వైద్యులు కనిపెట్టఁగలరు. ఇందుకై గోడను 17 భాగములుగా నెంచి వేఱువేఱుగఁ జూతురు.

ఈ సంగతులు నాకు మా యక్కగారి జబ్బువలనఁ దెలిసినవి. మా పెద్దన్నగారు హఠాత్తుగాఁ బోయిన మూఁడవనాఁడు ఆమెకు ఱొమ్మునొప్పి వచ్చెను. “దుఃఖమువలన వచ్చిన నొప్పి, కొంచెము మజ్జిగ త్రాగి పండుకొనవమ్మా” యని యింటిపెద్ద లనిరి. ఆఁడుదాని ఱొమ్మునొప్పికి మన యిండ్లలో దొరకు మొదటిమందు మజ్జిగయే గదా! మా బావగారు మాత్రము వినక, కారు తెప్పించి యాసుపత్రికిఁ దీసికొనిపోయిరి. నెత్తురు పరీక్షలో గుండెకు దెబ్బ తగిలినట్లే తేలెను. రక్తనాళములలో మాత్ర మెచ్చటను అడ్డు లేదు. అప్పుడు ఎం.ఆర్.ఐ. తీయవలె ననిరి.

పిన్నులు, గాజులు తీసివేసినది గాని, మంగళసూత్రము మాట వచ్చుసరికి అక్క కంట నీరు పెట్టుకొనెను. లోహ మేదియు లోపలికిఁ బోఁగూడదఁట. మా పినతల్లిగారు పసుపుకొమ్మును దారమునఁ గట్టి ముందుగా మెడలో వేసి, పిమ్మట సూత్రములు విప్పించిరి.

ఆ యంత్రములోని అయస్కాంతము భూమి యయస్కాంతశక్తికంటె దాదాపు 30,000 రెట్లు బలమైనది. ఇందు ఎక్స్‌రే కిరణములు లేవు. రేడియో తరంగములచేత మన దేహములోని నీటి పరమాణువులను కదల్చి చిత్రములు తీయుదురు. చప్పుడు మాత్రము భరింపరానిది. కొన్ని క్షణములు ఊపిరి బిగఁబట్టు మందురు. గుండె కొట్టుకొనుటతో జతపఱచి తీసిన చిత్రములను గ్రుచ్చి చలనచిత్రము చేయుదురు. 1988లో అమెరికాలో జెర్హౌనీ మొదలగువారు గుండెగోడపై అయస్కాంతశక్తితోనే గీతలు గీయు నుపాయమును బ్రకటించిరి. గోడ ముడుచుకొన్నకొలఁది, గుడ్డపై వేసిన ముగ్గువలె ఆ గీతలు వంగును. ఎంత ముచ్చటైన యూహ!

అక్క గుండె మొదలు గట్టిగా ముడుచుకొనుచుండెను. కొన మాత్రము కదలక బుడగవలె నుబ్బియుండెను. 1990లో జపాను వైద్యులు దీనికి టకోట్సుబో యని పేరు పెట్టిరి. అది ఆక్టోపస్‌ను బట్టు కుండ పేరు. సన్నని మెడ, గుండ్రని యడుగు. ఈ జబ్బు ఎక్కువగా ముట్లుడిగిన స్త్రీలకు, తఱచు గొప్ప దుఃఖమో భయమో కలిగిన వెనుక వచ్చును. గుండె పగిలినదని మన పెద్ద లనుటలో నింత యర్థ మున్నదా! ఐనను ఇది మజ్జిగతోఁ బోవునది కాదు. తొలిదినములలో కొందఱికిఁ బ్రాణాపాయము గూడఁ గలదు.

మందెక్కించి కొంతసేపటికి మరలఁ జిత్రములు తీసిరి. కండ చచ్చిన చోటు తెల్లగా మెఱయునఁట. అట్టి మచ్చ లేదు. “కండ చావలేదు, మ్రాన్పడినది, కొన్ని వారములలోఁ దేఱుకొనును” అని వైద్యురాలు చెప్పినపుడు బావగారు గోడ నానుకొని నిలుచుండిపోయిరి.

రెండు నెలలకు మరలఁ దీసిన చిత్రములో కొనయు తక్కిన గోడతోపాటు కదలుచున్నది. అక్క దానిని సెల్‌ఫోనులో నుంచుకొన్నది. మజ్జిగ త్రాగుమన్న పెద్దత్తగారు చూచి, “ఇది రాత్రియు నిట్లే ఆడునా?” యని యడిగిరి.