నడుమ తెల్ల గీత

మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో బాయిల మీద మోటలు నడిచిన రోజుల్లో నీళ్ళు పొలానికి పారాలంటే తోలు తొండం కావాలె. అది మాదిగవాడ నుంచే పోవాలె. ఆ నీళ్ళతో పండిన వడ్లు అందరూ తిన్నరు. తొండం కుట్టిన చెయ్యి మాత్రం తాగేనీళ్ళ బాయి గిలక ముట్టొద్దు.

మా నాయిన లంద కాడ పనిచేసేటోడు. పచ్చితోలును సున్నపు నీళ్ళల్ల నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్క నీళ్ళల్ల ఊరేసేటోడు. చెక్క మోసుడు, నీళ్ళు మార్చుడు నా పని. కొన్ని దినాలైనంక అంచు కొద్దిగ కోసి చూపెట్టేటోడు.

"నడుమ తెల్ల గీత కనబడ్తుందా బిడ్డా? ఇంకా తాగలె. ఇప్పుడు తీస్తే కుళ్ళుతది."

మేకతోలు జల్ది తాగేది. బర్రెతోలుకు ఎంతో కాలం పట్టేది.

ఉస్మానియాలో భౌతికశాస్త్రం చదివినప్పుడు దానికి పేరు దొరికింది: విసరణ. మందం రెండింతలైతే లోపలిదాక ఇంకడానికి పట్టే కాలం దాదాపు నాలుగింతలు. తర్వాత పదార్థ పరిశోధనలో నేను చేసిందీ అదే పని. నమూనాను అడ్డంగా కోసి, నునుపుచేసి, ఏ మూలకం ఎంత లోతుకు పోయిందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కొలిచిన.

మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ 1948లో మొదలైంది. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ దానికి డైరెక్టర్‌గా పనిచేసిండు. మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తాతో కలిసి, తోలులోని కొల్లాజెన్ మూడు పేటల తాడులెక్క పేనుకొని ఉంటదని 1954, 55లలో తేల్చిండు. తంగేడు చెక్కలోని టానిన్లు ఆ తాళ్ళను ఒకదానికొకటి పట్టి ఉంచుతయి. తోలు కుళ్ళకుండ కాపాడేది ఆ పట్టే.

వాళ్ళ పనికి దండం పెడ్త. కాని అదే తోలు ప్రయోగశాలలో శాస్త్రమై, లంద కాడ మైల ఎట్లయింది? నేను పనిచేసిన ఒకచోట ఈ మాటెత్తితే "అది కులవృత్తి, సైన్సు కాదు" అన్నడొక పెద్దసారు. అంచు కోసి పరీక్షించుడు, తాగకుంటే మళ్ళ ఊరేసుడు ప్రయోగం కాక మరేంది?

లంద మళ్ళ రావాలని నేనంటలేను. ఆ కంపు, సున్నం తిన్న చేతులు ఎవరి పిల్లలకూ వద్దు. ఇప్పుడు శామీర్‌పేట చుట్టూ జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు, 2008లో వచ్చిన బిట్స్ పిలానీ క్యాంపస్ ఉన్నయి. మా వాడల పిల్లలు వాటి గేటు కాడ కాపలాకు కాదు, లోపల మైక్రోస్కోపు కాడికి పోవాలె. పోయినోళ్ళు తమ అయ్యలు, అవ్వల చేతుల్లో ఉన్న ఎరుకను కాయితం మీద పెట్టాలె. మా నాయినకు సంతకం రాదు. ఆయనకు తెలిసింది మనం రాయకపోతే ఎవరు రాస్తరు?