నల్లా తిప్పిన రోజు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ నుండి తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, ముందుగా నాకు గుర్తొచ్చింది మన హాస్టల్ వెనుక ఉన్న నీళ్ల నల్లా.

మాది నల్గొండ జిల్లాలో ఒక చిన్న పల్లె. మా నాన్న ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. కోడి కూయక ముందే లేచి మోట కట్టేవాడు. ఎడ్లు వాలులోకి దిగితే ఇనుప బొక్కెన బావిలో నుండి పైకి వచ్చేది. తోలు తొండం గుండా నీళ్లు తొట్టిలో పడి, కాలువ గుండా మడికి పారేవి. ఎడ్లు వెనక్కి నడిస్తే బొక్కెన మళ్లీ బావిలోకి దిగేది. ఎడ్లు దిగేటప్పుడు నాన్న మోకు మీద కూర్చునేవాడు. నేను పార పట్టుకుని మడి మడికీ నీళ్లు మళ్లించేవాడిని. మా స్నానాలు, బట్టలు ఉతుక్కోవడం అన్నీ ఆ కాలువలోనే.

పొద్దంతా మా నాన్న తోడిన నీళ్లతో ఆ పొలం పచ్చగా ఉండేది. కానీ సాయంత్రం మా అమ్మ బిందె పట్టుకుని ఊరబావికి పోతే, చేద వేసే హక్కు మాకు లేదు. గట్టుకు దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి పోసేదాకా ఎదురుచూడాలి. ఒక్కోసారి చీకటి పడేది. ఇంటికి వచ్చాక అమ్మ చెంబెడు నీళ్లిచ్చి, "పైలం బిడ్డా, పారబోస్తే మల్ల పోయి నిలబడేది నేనే" అనేది. దూపైనా సగం చెంబే తాగేవాడిని.

1985లో ఆరో తరగతికి హాస్టల్‌కు వచ్చాను. మొదటి రోజు అన్నం తిన్నాక నల్లా దగ్గరికి పోయి, దోసిలి పట్టి వంగి నిలబడ్డాను. ఎవరో వచ్చి పోస్తారని! పదో తరగతి అన్న ఒకాయన చూసి నవ్వలేదు. "తిప్పుకో తమ్మీ, ఈడ ఎవ్వలూ పొయ్యాల్సిన పని లేదు" అన్నాడు. తిప్పాను. కడుపు నిండా తాగాను. ఆ రాత్రి అమ్మ గుర్తొచ్చి దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

ఆ ఏడాది ఏప్రిల్ 14న అదే అన్న అంబేద్కర్ గారి గురించి మాట్లాడాడు. 1927 మార్చి 20న మహద్‌లో వేలమందితో కలిసి నడిచివెళ్లి, చవదార్ చెరువు నీళ్లు తాగిన సంగతి చెప్పాడు. అంటరానితనాన్ని పాటించేవారిని శిక్షించే చట్టం 1955లోనే వచ్చిందని కూడా ఆనాడే విన్నాను. అప్పటిదాకా మా అమ్మ నిలబడడం మా తలరాత అనుకున్నాను. అది తలరాత కాదని, అన్యాయమని నాకు తెలిసింది హాస్టల్లోనే. చదువు మీద పట్టుదల పెరిగింది కూడా అప్పుడే.

తర్వాత మోటలు పోయి మోటార్లు వచ్చాయి. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక కొన్నాళ్లకు మా ఇంటి ముందూ నల్లా పెట్టారు. నీళ్లు వచ్చిన రోజు అమ్మ ఆ నల్లాను తనే తిప్పింది, తనే కట్టింది, మళ్లీ తిప్పింది. ఏమీ మాట్లాడలేదు.

తమ్ముళ్లూ! పళ్లు తోముకుంటూ నల్లా వదిలేయకండి. ఆ నీళ్ల కోసం గట్టు కింద నిలబడిన తల్లులను తలుచుకోండి. బాగా చదువుకోండి. మీ వెనుక వచ్చే చిన్న తమ్ముడు ఎవడైనా దోసిలి పట్టి నిలబడితే, నవ్వకండి. తిప్పుకొమ్మని చెప్పండి.

— ఒక పూర్వ విద్యార్థి