రెప్పపాటు కాలం

2019 జులై 22. చంద్రయాన్-2 ప్రయోగాన్ని చిత్రించాలని శ్రీహరికోటలోని సందర్శకుల గ్యాలరీలో నిలుచున్నాను. సెకనుకు పది చిత్రాలు తీయగల కెమెరా చేతిలో ఉందన్న గర్వం నాది. లెక్కింపు ముగియకముందే ఆత్రంతో మీట నొక్కిపట్టాను. తీరా చెట్లపైన రాకెట్ కనిపించే వేళకు కెమెరా మొరాయించింది. దాని తాత్కాలిక స్మృతి నిండిపోయింది. చిత్రాలు మెమొరీ కార్డులోకి చేరేదాకా ఆ వేగం తిరిగి రాదు.

2023 జులై 14న చంద్రయాన్-3 కోసం మళ్ళీ వెళ్ళాను. ఈసారి భారమైన రా ఫైళ్ళకు బదులు చిన్నవైన జేపెగ్ చిత్రాలను ఎంచుకొన్నాను. ఫోకస్‌ను దూరపు చెట్ల కొనలపై ముందుగానే స్థిరపరచాను. షట్టర్‌ను సెకనులో వెయ్యోవంతుకు అమర్చి, వేగవంతమైన కార్డు వేశాను. అన్నిటికన్నా ముఖ్యంగా వ్రేలిని అదుపులో ఉంచుకొన్నాను. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలు దాటి, జ్వాల కంటబడిన తరువాతనే మీట నొక్కాను. రాకెట్ గర్జన చెవులను తాకేసరికి ఎన్నో చిత్రాలు కార్డులో చేరాయి.

2019లో విక్రమ్ ల్యాండర్ చంద్రునిపై క్షేమంగా దిగలేకపోయింది. శాస్త్రవేత్తలు లోపాలను వెదకి సరిదిద్దారు. 2023 ఆగస్టు 23న విజయం సాధించారు. వారి కృషి ముందు నా అనుభవం అణువంత. అయినా తప్పును ఒప్పుకొని, ఓపికతో సిద్ధపడినప్పుడే నాకూ ఆ రెప్పపాటు కాలం దక్కింది.