హంపికి ఒక్కరోజు



వచ్చే ఆదివారం హంపి పోతున్నా. మొదటిసారి. ఉరవకొండ నుంచి బళ్లారి, బళ్లారి నుంచి హోస్పేట, అక్కడ ఇంకో బస్సు. ఇంత దగ్గరుండి, ఏటా క్లాసులో ఆముక్తమాల్యద చెబుతూ ఇన్నేళ్లు ఎందుకు పోలేదు సార్ అని పిల్లలు అడిగారు. మా ఇంట్లో సెలవులంటే కూలి రోజులు. విహారయాత్రకు డబ్బు కట్టగలిగినోళ్లు పోయొచ్చారు. అంతే.

ఒక్కరోజులో అంతా చూడలేం. రాతి రథం, కమలమహల్ ఎవరైనా చూపిస్తారు. నా లిస్టులో ముందున్నవి నీళ్ల దారులు: రాచనగరులోని రాతి కాలువ, తవ్వకాల్లో బయటపడిన మెట్ల కోనేరు, రాయల కాలం నుంచి నేటికీ పొలాలకు పారుతున్న కాలువలు. కరువుసీమ వాళ్లకు రథం కన్నా కాలువే వింత. మన హెచ్చెల్సీ నీళ్లు కూడా హోస్పేట పక్కనున్న తుంగభద్ర డ్యామ్ నుంచే కదా వచ్చేది.

రాజ్యం చిన్నదైనా చెరువులు, కాలువలు తవ్వించి పేదరైతుకు పన్ను తగ్గించాలని కృష్ణదేవరాయలు నాలుగో ఆశ్వాసంలో రాశాడు. మంచి మాటే. మరి తవ్విందెవరు? 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్ ఒక చెరువు పని చూశాడు. పదిహేను, ఇరవై వేల మంది చీమల్లా కనిపించారట. చెరువు రెండు మూడుసార్లు తెగిందని, దేవుడు రక్తం అడుగుతున్నాడని బ్రాహ్మణులు చెబితే, రాజు గుడి వాకిట అరవై మంది తలలు నరికించాడట. గుర్రాలు, దున్నలతో పాటు.

ఆ అరవై మందిలో ఒక్కరి పేరూ పాయిస్ రాయలేదు. ఆరో ఆశ్వాసంలో మన మాలదాసరినే చూడండి. అతన్ని పట్టుకున్న బ్రహ్మరాక్షసుడికి రెండు పేర్లున్నాయి: ఇప్పుడు కుంభజానుడు, పూర్వజన్మలో సోమశర్మ. తన పాట ఫలం ధారపోసి అతనికి విముక్తి ఇచ్చిన దాసరికి మాత్రం కులమే పేరు. దాసరి భక్తి మీద మనం రాసిన వ్యాసాలకు లెక్కలేదు. ఈ పేరు సంగతి ఎంతమంది అడిగాం?

పాయిస్ చూసింది హోస్పేట దగ్గరి రాయరకెరె అని చాలామంది చరిత్రకారులంటారు. నేను ముందు అక్కడ దిగుదామనుకున్నా. అమ్మ కూడా వస్తోంది. కరువు పనుల్లో గంపలతో చెరువు మట్టి మోసిన మనిషి. "నేను చూడని కట్టలా నాయనా? ముందు విరూపాక్షుని గుడికి పద" అనింది.

సరే. పొద్దున గుడి, మధ్యాహ్నం కట్ట. హోస్పేట, కమలాపురం వైపు మిత్రులెవరైనా ఉంటే, చెరువు పనుల గురించి మీ పెద్దోళ్లు చెప్పుకునే కథలుంటే శనివారం లోపల రాయండి. కలిసి విందాం.